శబ్దానికి దొరక్కుండా దాక్కోవచ్చా? చిల్లుల ప్లాస్టిక్ షీట్ల కథ

గబ్బిలం చీకట్లో గోడకి ఎందుకు గుద్దుకోదు? అది అరుస్తుంది, ఆ అరుపు గోడకి తగిలి తిరిగొస్తుంది. ఎంతసేపటికి వచ్చిందన్నదాన్ని బట్టి దూరం తెలిసిపోతుంది. సబ్‌మెరైన్లని పట్టే సోనార్ చేసేదీ ఇదే. మరి శబ్దం నుంచి ఒక వస్తువుని దాచాలంటే?

"సింపుల్ బ్రో, ఫోమ్ చుట్టేస్తే సౌండ్‌ని పీల్చేస్తుంది" అంటారేమో. అక్కడే దొరికిపోతాం! చుట్టూ నేల నుంచి ఎకో వస్తూ, ఒక్క చోట మాత్రం రాకపోతే, అక్కడ ఏదో ఉందని అర్థమైపోతుంది. దాక్కోవడం అంటే ఎకోని ఆపేయడం కాదు, ఖాళీ నేల ఇచ్చే ఎకోనే అచ్చంగా ఇవ్వడం.

2014లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో స్టీవెన్ కమ్మర్ టీమ్ ఇది చేసి చూపించింది. వాడింది ఏంటో తెలుసా? చిల్లులున్న ప్లాస్టిక్ షీట్లు, వాటి మధ్య గాలి. అంతే! షీట్లని పిరమిడ్‌లా పేర్చి, కింద ఒక గుండ్రటి వస్తువు పెట్టారు. రకరకాల కోణాల నుంచి సౌండ్ పంపి మైక్‌తో కొలిస్తే, దాదాపు ఖాళీ నేల నుంచి వచ్చినట్టే ఎకో వచ్చింది.

ఎలా? చిన్న లెక్క చూద్దాం. వస్తువు ఎత్తు 10 సెంటీమీటర్లు అనుకోండి. దాని పైన తగిలిన సౌండ్‌కి రానూపోనూ 20 సెంటీమీటర్ల దారి తగ్గిపోతుంది. గాలిలో సౌండ్ వేగం సెకనుకి సుమారు 343 మీటర్లు. అంటే ఎకో దాదాపు 0.6 మిల్లీసెకన్లు ముందే వచ్చేస్తుంది. మనల్ని పట్టించేది ఆ తేడానే. చిల్లుల్లోంచి దూరి వెళ్లాలి కాబట్టి సౌండ్ నెమ్మదిస్తుంది. చిల్లుల సైజు, షీట్ల మధ్య గ్యాప్, పిరమిడ్ వాలు సరిగ్గా లెక్కేస్తే ఆ తేడా పూడిపోతుంది. ఇలా దేంతో చేశామన్నదానికన్నా ఏ ఆకారంలో చేశామన్నదాని మీద పనిచేసేవే మెటామెటీరియల్స్.

మరి సబ్‌మెరైన్లు మాయమైపోతాయా? ఆగండి. చిల్లులు సౌండ్ తరంగం పొడవు కన్నా బాగా చిన్నవిగా ఉండాలి. గాలిలో 3,430 హెర్ట్జ్ దగ్గర ఆ పొడవు 10 సెంటీమీటర్లు, 34,300 దగ్గర ఒక్క సెంటీమీటరే. కాబట్టి ఒక రేంజ్ కోసం చేసింది అంతకన్నా బాగా పై ఫ్రీక్వెన్సీలో పనిచేయదు. నీళ్ల సాంద్రత గాలికి సుమారు 800 రెట్లు, అందుకే గాలిలో సౌండ్‌ని అడ్డుకునే ప్లాస్టిక్ నీళ్లలో చాలా వరకు లోపలికి పోనిచ్చేస్తుంది. పైగా ఈ పిరమిడ్ ట్రిక్‌కి కింద నేల ఉండాలి. నడిసముద్రంలో నేలెక్కడిది?

అందుకే "మాయమయ్యే సబ్‌మెరైన్ వచ్చేసింది" అనే థంబ్‌నెయిల్ కనిపిస్తే మూడే అడగండి: ఏ ఫ్రీక్వెన్సీలో? గాలిలోనా, నీళ్లలోనా? కింద నేల ఉందా, లేదా? జవాబు లేకపోతే స్క్రోల్ చేసేయండి. డౌట్లుంటే కామెంట్స్‌లో పెట్టండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.