గాజుతొట్టిలో సముద్రం – హీటరును నమ్మవచ్చునా?

కొల్లేటి వారికి చేపల గురించి చెప్పబూనడం తాతకు దగ్గులు నేర్పడమే అవుతుంది. కైకలూరు, ఆకివీడు వైపు ఏ చెరువుగట్టు మీద నిలబడి అడిగినా బొచ్చె, శీలావతి గురించి మన పుస్తకాల్లో లేని సంగతులు చెబుతారు. కాని వాళ్ళ చెరువులు ఎకరాల్లో ఉంటాయి. నేను చెప్పబోయేది ముందుగదిలో బల్లమీద పట్టేంత సముద్రం గురించి. ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ ఈ సరదా ఉన్న మిత్రులు కొందరున్నారు. వాళ్ళు నన్నడిగే మొదటి ప్రశ్న ఒకటే: “హీటరు ఎన్ని వాట్లది కొనాలి?”

ముందుగా ఒక హెచ్చరిక. పగడపు దిబ్బల్ని నిర్మించే పగడాలన్నిటినీ మన దేశంలో 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని సముద్రంలోంచి పెరికి తెచ్చి ఇంట్లో పెట్టుకోవడం నేరం. మా తొట్టిలో ఉన్నవి మామూలు రాళ్ళు, ఇసుక, హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు. అయితే దిబ్బల్లో బ్రతికే ప్రాణి ఏదైనా కోరేది ఒకటే – ఉష్ణోగ్రత ఇంచుమించు నిలకడగా ఉండాలి. మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడాలు తెల్లబడిపోతాయి. 1998లో మన్నారు సింధుశాఖలో జరిగింది అదే. ఇంటి తొట్టికి 25, 26 డిగ్రీలు మంచివి.

ఇక నా బుద్ధితక్కువ కథ. పెద్దది కొంటే మేలు కదా అని 300 వాట్ల హీటరు ఒకటి పెట్టాను. ఒక జనవరి తెల్లవారుజామున లేచి చూద్దును గదా, చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆ రాత్రి కైకలూరు నుంచి మా మామయ్య వచ్చి ఉన్నాడు. ఆయనకు చేపల చెరువుంది. ఒక్క చూపు చూసి, “గాలి చాలడం లేదురా వాటికి. నీళ్ళు కాగినట్టున్నాయి, ముందు ఆ ప్లగ్గు పీకు!” అన్నాడు. థర్మామీటరు 34 చూపుతోంది. నాలుగింటిలో ఒక్కటి మిగిలింది.

మామయ్యకు ఎలా తెలిసింది? మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారేసరికి చెరువులో చేపలు అలాగే తేలుతాయి. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గడమే కారణం. నీరు వేడెక్కినకొద్దీ అది ఇముడ్చుకోగల ప్రాణవాయువు తగ్గుతుంది. మంచినీటిలో 20 డిగ్రీల వద్ద లీటరుకు 9.1 మిల్లీగ్రాములు పడితే, 30 వద్ద 7.5 మాత్రమే పడుతుంది. సముద్రపు నీటిలో అది ఇంకా దాదాపు అయిదోవంతు తక్కువ. పైగా వేడికి చేప ఎక్కువగా ఊపిరి పీలుస్తుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం వంటిదన్నమాట.

ఇప్పుడు లెక్క చూద్దాం. 90 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు గల తొట్టిలో రాళ్ళూ, ఇసుకా పోను 120 లీటర్ల నీళ్ళుంటాయి. వాటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 120 కిలోకేలరీలు, అనగా సుమారు 140 వాట్-గంటలు కావాలి. 300 వాట్ల హీటరు ఆపకుండా వెలిగితే అరగంటకు ఒక డిగ్రీ చొప్పున పెంచుకుంటూ పోతుంది. మనం నిద్రలేచేలోగా పని పూర్తి!

మరి ఎంత చాలు? హీటరు ఆపి, గంట గంటకూ థర్మామీటరు చూసి రాసుకోండి. గది 21, నీళ్ళు 26 ఉన్నప్పుడు గంటకు 0.4 డిగ్రీ తగ్గిందనుకుందాం. అంటే తొట్టి కోల్పోతున్నది 56 వాట్లు; ఒక్కో డిగ్రీ తేడాకు 11 వాట్లు. అప్పుడు 75 వాట్ల హీటరు చాలు. అటువంటివి రెండు పెట్టుకుంటే ఒకటి చెడినా రెండవది కాస్తుంది. ఒకటి ఆగకుండా వెలిగినా నీటిని గది కన్నా ఏడు డిగ్రీలు మించి పెంచలేదు. 28కి చేపలు చావవు. చిన్న హీటరు గుణం అదీ.

హీటరు ఆగకుండా ఎందుకు వెలుగుతుంది? చాలావాటిలో రెండు లోహాల పట్టీతో చేసిన థర్మోస్టాట్ ఉంటుంది. వేడికి పట్టీ వంగి కరెంటు తెగుతుంది, చల్లబడితే తిరిగి కలుస్తుంది. కలిసినప్పుడల్లా, విడినప్పుడల్లా చిన్న నిప్పురవ్వ లేచి, కొన్నాళ్ళకు ఆ మొనలు అతుక్కుపోతాయి. అందుకని బయట ఎలక్ట్రానిక్ కంట్రోలరు పెడతారు. కాని దానిలోని రిలే మొనలు కూడా అతుక్కోవచ్చు! కాబట్టి ఒకదాన్నే నమ్మకుండా కంట్రోలరును 26కి, హీటరు సొంత థర్మోస్టాట్‌ను 27కి తిప్పి ఉంచాలి. కంట్రోలరు మొరాయిస్తే హీటరు తనంతట తాను ఆగుతుంది. ఇంటికి తాళమూ, గడియా రెండూ పెట్టుకోమా?

కంట్రోలరు కొనేటప్పుడు అది ఎన్ని వాట్లు మోయగలదో చూడండి. దాని ప్రోబ్‌ను హీటరుకు దూరంగా, నీళ్ళు కదిలేచోట గట్టిగా బిగించాలి. ప్రోబ్ జారి బయటపడిందా, చలికాలపు గాలిని చూసి “ఇంకా చల్లగానే ఉంది” అనుకుని హీటరును వెలిగిస్తూనే ఉంటుంది. నీళ్ళు మార్చేటప్పుడు హీటరు ఆపి పావుగంట ఆగాలి. లేకుంటే గాజు పగులుతుంది. ఉప్పునీరు కరెంటును బాగా ప్రవహింపజేస్తుంది. 30 మిల్లీఆంపియర్ల లీకేజి బ్రేకరు లేకుండా ఈ సరదా వద్దే వద్దు. ప్లగ్గు పీకకుండా నీళ్ళలో చెయ్యి పెట్టవద్దు.

అసలు సంగతి ఇంకొకటుంది. చలిదేశాల వాళ్ళ పుస్తకాలు హీటరు గురించే రాస్తాయి. మనకు హీటరు పని ఏ రెండు నెలలో. మిగిలిన కాలమంతా శత్రువు ఎండే. చిన్న ఫ్యాను నీటి మీదకు తిప్పితే మట్టికుండ సూత్రం పనిచేస్తుంది. ఒక లీటరు ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీలు తీసుకుపోతుంది. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. కాబట్టి తరిగినంత మంచినీళ్ళే పొయ్యాలి. అయితే థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి ఫ్యాను కింద పెడితే ఎంత చూపుతుందో, అంతకన్నా కిందికి ఈ పద్ధతి దించలేదు. మన కోస్తా తేమ గాలిలో మే నెలలో అది 27, 28 దాకా ఉంటుంది. 25 కావాలంటే చిల్లరు కొనవలసిందే. దానికి డబ్బు లేకపోతే సముద్రపు తొట్టి జోలికి పోకుండా, వేడికి ఓర్చే మంచినీటి చేపల్ని పెంచుకోవడం ఉత్తమం. అందులో చిన్నతనమేమీ లేదు.

ఇప్పుడు మా తొట్టికి రెండు చిన్న హీటర్లు, ఒక కంట్రోలరు, అన్నిటికన్నా ముఖ్యంగా విడిగా ఒక మామూలు థర్మామీటరు ఉన్నాయి. పడుకోబోయే ముందు దాన్ని చూడడం అలవాటైంది. మామయ్య మాత్రం ఎప్పుడొచ్చినా తొట్టివైపు చూసి, “గట్టు మీద మనిషి ఉండాలిరా, యంత్రం కాదు” అంటాడు. ఆయన మాట కాదనడానికి నాకింతవరకు కారణం దొరకలేదు.