మోనార్కు సీతాకోకచిలుకల శీతకాలపు విడిది

శీతకాలమున దూరదేశపు పక్షులు మన కొల్లేటికి వచ్చుట మీరెరిగినదే. పక్షికి బలమైన రెక్కలు కలవు. దారి నెరిగిన పెద్దపక్షులు తోడుండును. కాని సుమారు నాలుగు గురివింద గింజల యెత్తు మాత్రమే తూగు నొక సీతాకోకచిలుక, దారి చూపు తోడు లేక వేల మైళ్లు పయనించి, తానెన్నడును చూడని కొండయడవిని చేరునన్న నమ్మశక్యమా? ఉత్తర అమెరికా ఖండమున ఏటేట నిది జరుగుచున్నది. ఆ సీతాకోకచిలుక పేరు మోనార్కు, అనగా రాజు.

నారింజవన్నె రెక్కలపై నల్లని యీనెలును, అంచున తెల్లని చుక్కలును దీనికి గురుతులు. రెక్కలు విప్పినపుడు సుమారు నాలుగంగుళముల వెడల్పుండును. దీని గొంగళిపురుగు మన జిల్లేడు కుటుంబమునకే చెందిన కొన్ని పాలమొక్కల యాకులను దప్ప మరేమియు తినదు. ఆ పాలలోని విషము దేహమున నిలిచి, పక్షుల నోటికి చేదై, పురుగును కాపాడును. మన పొలముగట్లమీది జిల్లేడాకులను తినుచు పెరుగు చారల పురుగు దీనికి దాయాదియే.

వేసవిలో పుట్టిన మోనార్కు రెండు మొదలు ఆరు వారములు మాత్రమే జీవించును. వేసవి కడపట పుట్టినవి మాత్రము గ్రుడ్లు పెట్టక, కెనడానుండియు, సంయుక్త రాష్ట్రములనుండియు దక్షిణముగా మెక్సికోకు తరలి, సుమారెనిమిది మాసములు జీవించును. మార్చి మాసమున అవి ఉత్తరమునకు మరలి, దారిలో గ్రుడ్లు పెట్టి మరణించును. వాని పిల్లలును, మనుమలును ప్రయాణమును సాగింతురు. మరల శరత్కాలమున దక్షిణమునకు పోవునవి మునిమనుమలు! సూర్యుని గమనమును, తమ మీసములయందలి కాలజ్ఞానమును ఆధారముగ జేసికొని అవి దిక్కు తెలిసికొనునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఇవి చలికాలమున నెచటికి పోవునో బయటివారికి చిరకాలము తెలియలేదు. కెనడా దేశస్థుడైన ఫ్రెడ్ అర్కర్టును, ఆయన భార్య నోరాయును రెక్కలకు చిన్న కాగితపు చీటీలంటించి విడువసాగిరి. మొదటి చీటీలు వానకు తడిసి ఊడిపోయెను. వారు నిరాశపడక మేలైన జిగురుగల చీటీలను చేయించి, వేలకొలది జనుల సహాయమును కోరిరి. తుదకు 1975వ సంవత్సరము జనవరిలో, వారి సహాయకులగు కెన్ బ్రగ్గరును, కాతలీనా అగ్వాదోయును మెక్సికోలోని కొండలపై ఆ విడిదిని కనుగొనిరి. ఆ ప్రాంతపు గ్రామస్థులకు మాత్రమవి తరతరములుగా పరిచితములే. నవంబరు ఆరంభమున, మృతులను స్మరించు పండుగ దినములలో వచ్చు వానిని, తమ పెద్దల ఆత్మలని వారు భావింతురు.

మరుసటి యేడు జనవరిలో అర్కర్టు స్వయముగా ఆ యడవికి పోయెను. సీతాకోకచిలుకల బరువునకు ఒక కొమ్మ విరిగి ఆయనయెదుట పడెను. ఆ రాశిలో తెల్లని చీటీగల దొకటి కానవచ్చెను! మినెసోటా రాష్ట్రమున నొక యుపాధ్యాయుడును, ఆయన విద్యార్థులును 1975 ఆగస్టులో అంటించిన చీటీయే యది. ఉత్తరమున విడిచిన పురుగే ఇచటికి వచ్చెననుటకు బడిపిల్లల పని సాక్ష్యమయ్యెను.

ఆ యడవులు సుమారు పదివేల యడుగుల యెత్తున నున్నవి. అచటి ఓయమెల్ అను దేవదారుజాతి వృక్షములు సీతాకోకచిలుకలకు గొడుగును, కంబళియునై యున్నవి. అచటి చల్లదనము వాని దేహములోని క్రొవ్వు వ్యర్థము గాకుండ నిలుపును. గుబురుగా నున్న కొమ్మలు మంచును, వానను ఆపును. తడిసిన పురుగు పొడిగానున్న దానికన్న త్వరగా గడ్డకట్టి చచ్చును. కావున వృక్షములు నరికి సందు చేసినచో, కంబళికి చిల్లి పడినట్లే. 2002 జనవరిలో వచ్చిన తుపానువలన కోట్లకొలది సీతాకోకచిలుకలు నశించెను.

నవంబరు మొదలు మార్చి వరకు ఎల్ రొసారియో మొదలగు తావులలో వీనిని చూడవచ్చును. గ్రామస్థులే దారి చూపుదురు. చలిగానున్న యుదయమున అవి రెక్కలు ముడిచి, ఎండుటాకుల గుత్తులవలె వ్రేలాడుచుండును. ఎండ సోకగనే చెట్టంతయు నారింజవన్నెకు మారును. వేలకొలది రెక్కల చప్పుడు సన్నని వానవలె వినబడును. చూడవచ్చినవారు కట్టిన త్రాడు దాటరాదు, అరవరాదు, కొమ్మను కదపరాదు. బెదరి యెగిరిన ప్రతిమారును, మార్చి వరకు దాచుకొనవలసిన క్రొవ్వు కొంత ఖర్చగును. నేలబడినది చచ్చినదని త్రొక్కరాదు. చలికి బిగిసినది ఎండకు మరల లేచును.

ఒక్కొక్కటిగా లెక్కింప నలవిగాదు గనుక, అవి నిండిన యడవి వైశాల్యమును కొలుతురు. 1996-97 శీతకాలమున అది సుమారు 45 ఎకరములు; 2013-14లో రెండెకరములైనను లేదు. తరువాత పెరుగుచు తగ్గుచున్నను, పూర్వపు విస్తీర్ణమును మరల చేరలేదు. అడవులు నరుకుటయు, ఉత్తరమున కలుపుమందులచే పాలమొక్కలు నశించుటయు, వాతావరణపు మార్పులును ఇందుకు కారణములు. మెక్సికో ప్రభుత్వము 1986లో ఆ యడవులను రక్షిత ప్రదేశముగ ప్రకటించి, 2000లో విస్తరింపజేసెను. 2008లో అవి ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపబడెను.

విద్యార్థులారా! మీ యింటి ప్రక్కనున్న జిల్లేడు మొక్కను పెరికివేయక మునుపు దాని యాకులను తిప్పి చూడుడు. చారల పురుగు కనబడినచో, అది గూడు కట్టిన దినమును, రెక్కలు వచ్చిన దినమును పుస్తకమున వ్రాసికొనుడు. మినెసోటా బాలురు చేసిన పనియు ఇంతకన్న పెద్దది కాదు.