నడినెత్తి ఎండ, మూడు మిల్లీమీటర్ల మిరపకాయ

వచ్చే సంక్రాంతి బొమ్మల కొలువులో మిరప కల్లం పెడదామని ఈ వేసవిలోనే పని మొదలుపెట్టాను. 32వ వంతు కొలత. అంటే పది సెంటీమీటర్ల కాయ మూడు మిల్లీమీటర్లకు దిగుతుంది. కుట్టుదారానికి జిగురు పట్టించి, ఆరాక ముక్కలుగా కత్తిరించి, గుప్పెడు రాశి పోసి, మీద చిక్కటి ఎర్ర ఆక్రిలిక్ రంగు వేశాను. ఒంగోలు నుంచి వచ్చిన మా మేనత్త తొంగిచూసి, "ఇదేంట్రా, బీట్‌రూట్ హల్వానా?" అంది.

తప్పు రంగుది కాదు, వెలుగుది. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ. అంత చిన్న చోటి నుంచి వచ్చే వెలుగు కాబట్టి, కల్లంలో నీడలు కత్తితో కోసినట్టు పడతాయి. పైకాయలు తళతళలాడతాయి, సందులు నల్లగా ఉంటాయి. ఇంట్లో నాలుగడుగుల ట్యూబ్‌లైటు రెండు మీటర్ల దూరంలో ఉంటే ముప్పై డిగ్రీలకు పైగా పరుచుకుంటుంది. గోడలూ తలా కాస్త వెలుగు తిప్పికొడతాయి. అది అన్ని వైపుల నుంచీ సందుల్లో దూరి నీడల్ని చెరిపేస్తుంది. అందుకే చిన్న బొమ్మకు రంగుతోపాటు ఎండను కూడా మనమే వెయ్యాలి.

మినియేచర్ బొమ్మలు చేసేవాళ్లు ఈమధ్య బాగా వాడుతున్న పద్ధతి ఒకటుంది. ముందు మొత్తం నలుపు. ఆరాక, కుంచెకు తెల్లరంగు అద్ది, గుడ్డకు దాదాపు అంతా తుడిచేసి, ఆ పొడికుంచెను పైనుంచి కిందికి ఆడించాలి, సూర్యుడు నడినెత్తిన ఉన్నట్టు. తడి లేని రంగు సందుల్లోకి పారదు, ఎత్తుగా ఉన్నచోటే అంటుతుంది. ఈ దశలో నా రాశి పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలా ఉంది. దానిమీద అద్దంలాంటి పల్చటి ఎరుపు, ఒక్క పూత. ఇలాంటి రంగుల్ని గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 2019లో 'కాంట్రాస్ట్' పేరుతో అమ్మకానికి తెచ్చింది.

ఇందులో కిటుకంతా కింది పూతదే. వెలుగు ఎర్రపొరలోంచి దిగి, తెలుపుకు తగిలి, మళ్లీ ఎర్రపొరలోంచే బయటికొస్తుంది. కింద నలుపున్న చోట దిగిన వెలుగు తిరిగి రాదు. ఒకే ఎరుపు ఒకచోట మెరుస్తుంది, ఒకచోట ఎండు తేజ కాయలా ముదురుతుంది.

కింది పూత సంగతి కొండపల్లి కళాకారులకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెల్లపొణికి చెక్కతో బొమ్మ చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆ తర్వాతే రంగు ముడతారు. సున్నమే ఎందుకంటే, వెల్ల వేసిన గోడను గుర్తు తెచ్చుకోండి. తడిగా ఉన్నంతసేపూ పాత గోడ కనిపిస్తూనే ఉంటుంది, ఆరాకే తెలుపు తేలుతుంది. రేణువుల మధ్య నీరు పోయి గాలి చేరితే వెలుగు ఎక్కువగా చెదిరిపోతుంది. ఆ చెదరడమే మనకు తెలుపు.

ఇక నా అవస్థ. పల్చటి ఎరుపు సన్నటి సందుల్లోకి కేశనాళికల్లోకి నీరెక్కినట్టు తనే పాకాలి. గుంటూరు మే నెల, పైన ఫ్యాను. నేల భాగంలో రంగు పాకేలోపే ఆరి, అంచుల్లో గీతలు కట్టింది. కాఫీ చుక్క ఆరితే చుట్టూ వలయం మిగిలినట్టే. చుక్క అంచులో నీరు ముందుగా ఆవిరవుతుంది, ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు రేణువుల్ని మోసుకుంటూ అంచుకు వస్తుంది. షికాగో పరిశోధకులు దీన్ని 1997లో 'నేచర్' పత్రికలో వివరించారు. నేను ఫ్యాను ఆపి, రంగులో చుక్క గ్లిజరిన్ కలిపాను. గీతలు తగ్గాయి, చొక్కా తడిసింది.

ఎరుపు అందని నాలుగైదు కాయలు తెల్లగా మిగిలిపోయాయి. దిద్దబోయి ఆగాను. అచ్చం తాలుకాయలు! మిరప యార్డులో ధర దించే తాలు నా రాశికి నిజంపోలిక తెచ్చింది.

పక్కన పెట్టిన పత్తి కుప్ప మాత్రం కుదరలేదు. నిజం పత్తే పెట్టాను. పత్తి పోగు పొడవు ఇంచుమించు మూడు సెంటీమీటర్లు. ఈ కొలతలో అది దాదాపు మీటరు పోగు కింద లెక్క. అందుకే కుప్ప కాస్తా మబ్బు తునకలా కనిపిస్తోంది. పత్తికి పత్తి కాకుండా ఇంకేం వాడితే బాగుంటుందో తెలిసినవాళ్లు సంక్రాంతిలోపు ఒక ముక్క రాయండి.