పామాయిల్ తోటలో ప్రాణరక్షణ

జంగారెడ్డిగూడెము చుట్టుపట్ల పామాయిల్ తోటలు విస్తారముగా కలవు. ఈ వృక్షమునకు జన్మభూమి పశ్చిమాఫ్రికా. నాటిన 3, 4 ఏండ్లకు గెలలు వేసి, 25 ఏండ్ల వరకు కాపునిచ్చును. ఏలూరు చెంతనున్న పెదవేగిలో ఈ పంటకై జాతీయ పరిశోధన సంస్థ యొకటి కలదు.

చెట్టు పొట్టిగా నున్నంతకాలము కోతగాడు ఉలివంటి పనిముట్టుతో గెలను పొడిచి దించును. చెట్టెదిగిన పిదప పొడవైన గొట్టమునకు కొడవలి బిగించి, తల పైకెత్తి, మొదట అడ్డమున్న మట్టను, తరువాత గెలను కోయవలెను. ఆ గొట్టము తరచుగా అల్యూమినియముది. తేలికగా నుండుటచే చేతికి హాయి. కాని అది విద్యుద్వాహకము. తోటమీదుగా 11,000 వోల్టుల తీగ పోవుచున్నచో, గెలపై చూపు నిలిపినవానికి తీగ కనబడదు. గొట్టము తగిలెనా, రెప్పపాటులో ప్రాణము పోవును. ఇట్టి మరణములు ఈ ప్రాంతమున జరిగియున్నవి.

దీనికి ప్రతిక్రియ యేమి? చాలమంది "జాగ్రత్తగా నుండుము" అని చెప్పి, చేతితొడుగులు కొనియిచ్చి ఊరకుందురు. నా అభిప్రాయమున ఇవి చిట్టచివర తలపవలసిన ఉపాయములు. సామాన్యమైన తొడుగు 11,000 వోల్టులను ఆపజాలదు. మండుటెండలో, మెడ పీకుచుండగా, పొద్దుటి హెచ్చరిక ఎవనికి జ్ఞాపకముండును? కావున ఉపాయమును ఎన్నుకొనునపుడు ఇట్లు ప్రశ్నింపుడు: పనివాడు ఒక్క క్షణము ఏమరినను ఇది వానిని కాపాడునా?

తీగ క్రింద చెట్టే లేకున్నచో అచట కోతయు లేదు, అపాయమును లేదు. నాటునపుడే ఆ వరుసను విడిచిపెట్టుట ఉత్తమము. ఉన్న తోటలో ఆ చెట్లను తీసివేయవచ్చును. లేదా విద్యుచ్ఛాఖ వారిచే తీగను ప్రక్కకు మార్పింపవచ్చును. రైతునకు నష్టము లేకపోలేదు. కాని ఎకరమునకు సుమారు 57 చెట్లుండును. నాలుగు పోయినను తోట నిలుచును.

అది సాగనిచోట అల్యూమినియమునకు మారుగా విద్యుత్తు ప్రవహింపని ఫైబర్‌గ్లాసు గొట్టమును వాడవచ్చును. తడిసినపుడు దానినైనను నమ్మరాదు. వట్టి తీగకు బదులు పైతొడుగు గల కేబులు వేయించుట మరియొక మార్గము. ఇవేవియు కుదరనిచో, ముందుగా సరఫరాను ఆపించి, కోత ముగిసినదని తెలుపువరకు తిరిగి ఇయ్యకుండ కట్టడి చేసికొనవలెను. ఇందు మానవుని మరపునకు చోటున్నది. అందుచేతనే దీని స్థానము క్రిందిది. గనులలోను, కర్మాగారములలోను రక్షణ నిపుణులు దాదాపు ఈ వరుసనే పాటింతురు.

మరి శిరస్త్రాణము వలదా? కావలెను. అది ఎండు మట్టల ముక్కలనుండి తలను కాచును. ఎత్తునుండి పడు 20 కిలోల గెలను మాత్రము అదియు ఆపలేదు. అందులకు కోతగాడు గెలకు నేరుగా క్రింద కాక ఎడముగా నిలువవలెను. రాలిన పండ్లను ఏరువారు కోత ముగియువరకు ఆ చెట్టు దరికి రాకూడదు.