బిళ్ళ వేస్తేనే ఆట

జపాన్ గేమ్ సెంటర్లను దాదాపు యాభై ఏళ్లుగా నడిపిస్తున్నది ఒకే ఒక్క నాణెం. ఇప్పుడు దాని స్థానంలోకి కార్డూ ఫోనూ వస్తున్నాయి. చిల్లర బెడద తీరుతోంది. ఆ చిల్లరతో పాటు ఇంకేం పోతోందో, పిల్లల్ని మాల్‌కు తీసుకెళ్లే మన అమ్మానాన్నలు కూడా ఒకసారి చూసుకోవాలి.

టోక్యోలో ఏ గేమ్ సెంటర్‌లోకి అడుగుపెట్టినా ముందు ఎదురొచ్చేది హోరు. బొమ్మలు తీసే క్రేన్ యంత్రాల పాటలు, డోలు ఆటల దరువు, కారు పందేల మోత అన్నీ కలిసి చెవుల్ని కమ్మేస్తాయి. అంత హోరులోనూ ఒక చప్పుడు విడిగా వినిపిస్తుంది. గోడవార నిలబెట్టిన ఒక పెట్టెలో ఎవరో వెయ్యి యెన్ల నోటు పెడతారు. అది సర్రున లోపలికి జారిపోతుంది. మరుక్షణం కింది గిన్నెలోకి పది బిళ్ళలు గలగలా రాలతాయి. ఆ పదీ గుప్పిట్లోకి తీసుకుంటే పది ఆటలు చేతికొచ్చినట్టే.

ఆ బిళ్ళ నూరు యెన్ల నాణెం. రాగీ నికెలూ కలిపి పోసింది. అడ్డంగా 22.6 మిల్లీమీటర్లు, బరువు 4.8 గ్రాములు. జపాన్ గేమ్ సెంటర్ల వ్యాపారమంతా ఈ చిన్న బిళ్ళ మీద లేచింది. యంత్రాల మీద కార్డులు తాకించే పలకలు వచ్చి చేరుతున్న ఈ రోజుల్లో, ఆ పునాదిని మెల్లగా పక్కకు జరుపుతున్నారు.

చిల్లర బాధ మనకు తెలియనిదా! బస్సులో కండక్టర్ టికెట్టు వెనక రాసిచ్చే బాకీ, కిరాణా కొట్లో రూపాయికి బదులు చేతిలో పెట్టే చాక్లెట్ అందరికీ అనుభవమే. అందుకే బిళ్ళ పోతోందంటే మొదట సంతోషమే కలుగుతుంది. కానీ ఈ నాణెం కథను మొదటినుంచీ చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అది యజమాని చేతులు కట్టేసిన మాట నిజమే. ఆడేవాడి చుట్టూ ఒక కంచె కట్టింది కూడా అదే. ఇప్పుడు ఆ కట్లు విప్పుతుంటే కంచె కూడా ఊడివస్తోంది.

నిండిన డబ్బా చెప్పిన శుభవార్త

1972లో అటారీ కంపెనీ తన పాంగ్ ఆట నమూనాను కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక బార్‌లో పెట్టింది. కొన్నాళ్లకే యంత్రం పనిచేయడం లేదని కబురొచ్చింది. దాన్ని తయారుచేసిన ఇంజనీర్ అల్ ఆల్కార్న్ వెళ్లి తలుపు తెరిచి చూస్తే ఆటలో లోపమేమీ లేదు. జనం వేసిన పావు డాలరు నాణేలతో డబ్బా నిండిపోయి, కొత్తవి జారే దారి మూసుకుపోయింది. ఈ వ్యాపారానికి ఎంత గిరాకీ ఉందో ఆ పొర్లిన డబ్బాయే ముందుగా చెప్పింది.

ఆరేళ్లకు, 1978లో, జపాన్‌లో తైతో కంపెనీ కోసం తొమోహిరో నిషికాదో స్పేస్ ఇన్వేడర్స్ సృష్టించాడు. కాఫీ హోటళ్లలో బల్లలే ఆట యంత్రాలయ్యాయి. ఆటకు నూరు యెన్లు. ఈ ఆట దెబ్బకు దేశంలో నూరు యెన్ల నాణేలకు కరువొచ్చిందన్న కథ ప్రపంచమంతా పాకింది. దానికి గట్టి ఆధారాలు లేవు. అయినా జనం ఇప్పటికీ చెప్పుకుంటున్నారంటే ఆ రోజుల్లో బిళ్ళల వాన ఎలా కురిసిందో ఊహించుకోవచ్చు.

బిళ్ళ డబ్బుగానే కాక వంతుగా కూడా పనిచేసింది. అమెరికా ఆర్కేడ్లలో తెర కింది అంచు మీద పావు డాలరు పెడితే 'తర్వాత ఆట నాది' అని అర్థం. జపాన్‌లో వెనకాల జనం ఎదురుచూస్తుంటే ఓడినవాడు వెంటనే మరో బిళ్ళ వేసి కుర్చీ వదలకపోవడం మర్యాద కాదు. ఎవరూ రాయని ఈ కట్టుబాట్లన్నీ చేతిలో కనిపించే ఒక వస్తువు చుట్టూ పుట్టినవే.

యంత్రానికి బిళ్ళ ఎలా తెలుస్తుంది?

యంత్రానికి కళ్లు లేవు, నాణెం మీద బొమ్మతో పని లేదు. చీలికలోంచి పడ్డ బిళ్ళ ముందు తన కొలతా బరువూ రుజువు చేసుకోవాలి. తర్వాత ఒక అయస్కాంతం పక్కగా దొర్లాలి. అయస్కాంతం దగ్గర కదిలే లోహంలో విద్యుత్తు సుడులు పుట్టి దాని వేగాన్ని తగ్గిస్తాయి. ఎంత తగ్గుతుందన్నది లోహాన్ని బట్టి ఉంటుంది. అసలు నాణెం సరైన వేగంతో సరైన చోట దూకి లోపలికి పోతుంది. తక్కినవి దారి తప్పి తిరిగిచ్చే గిన్నెలో పడతాయి. ఇనుప బిళ్ళ అయితే అయస్కాంతానికే అతుక్కుపోతుంది. కొత్త యంత్రాల్లో ఈ పరీక్షను తీగచుట్టలు చేస్తాయి. అన్నీ దాటిన నాణెం చివరికి ఒక చిన్న మీటను తాకుతుంది. ఆ తాకిడితో ఆట పలకకు ఒక విద్యుత్ సంకేతం అందుతుంది. తెర మీద 'క్రెడిట్ 1' అని పడుతుంది.

ఈ పరీక్షనూ మోసం చేసినవాళ్లున్నారు. దక్షిణ కొరియా 500 వోన్ల నాణెం, జపాన్ పాత 500 యెన్ల నాణెం ఒకే లోహం, ఒకే వెడల్పు. కొరియా నాణెం అర గ్రాము ఎక్కువ బరువు, విలువలో ఎంతో తక్కువ. దానికి గుంట తొలిచి బరువు తగ్గించి జపాన్ అమ్మకపు యంత్రాల్లో వేసేవారు. ఈ బెడద పడలేక జపాన్ 2000లో లోహం మార్చి కొత్త 500 యెన్ల నాణెం తెచ్చింది. 2021 నవంబరులో రెండు రంగుల నాణెంతో మళ్లీ మార్చింది. నాణెం మారిన ప్రతిసారీ యంత్రాలకు దాన్ని మళ్లీ నేర్పించాల్సి వచ్చింది.

గడప దాటని చిల్లర

ఇక గోడవారనున్న చిల్లర యంత్రం. నోటు లోపలికి వెళ్తూ ఉండగానే కాంతితోనూ సిరాలోని అయస్కాంత గుణంతోనూ పరీక్ష జరిగిపోతుంది. నోటు మంచిదని తేలితే లోపల బిళ్ళల తొట్టిలో పళ్లెం తిరిగి ఒక్కొక్క నాణేన్నీ బయటకు తోస్తుంది. కాంతి కన్ను పది లెక్కపెట్టగానే పళ్లెం ఆగుతుంది.

ఆ బిళ్ళలు ఆట యంత్రాల్లోకి వెళ్తాయి. దుకాణం వాళ్లు వాటిని బయటకు తీసి, యంత్రంతో లెక్కించి, మళ్లీ చిల్లర యంత్రం తొట్టిలో పోస్తారు. అవే నాణేలు గడప దాటకుండా దుకాణంలోనే తిరుగుతుంటాయి. రోజుకు పది లక్షల యెన్ల ఆట జరిగే చోట పది వేల బిళ్ళలు చేతులు మారాలి. వాటి బరువు 48 కిలోలు. ఇంచుమించు రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలను రోజూ తీసి, మోసి, పోయడమన్నమాట.

మిగిలినవి బ్యాంకులో వేద్దామంటే అదీ ఖర్చే. జపాన్ పోస్ట్ బ్యాంక్ 2022 జనవరి నుంచి ఎక్కువ నాణేలు తెచ్చేవారి దగ్గర రుసుము తీసుకోవడం మొదలుపెట్టింది. 501 నుంచి వెయ్యి నాణేల దాకా 1,100 యెన్లు. తర్వాత 2024 జులై 3న కొత్త నోట్లు వచ్చాయి. వెయ్యి యెన్ల నోటు మీదకు సూక్ష్మజీవుల శాస్త్రవేత్త కితాసాతో షిబాసాబురో వచ్చాడు. పాత చిల్లర యంత్రాలకు ఆయన ముఖం తెలియదు. మరమ్మతు చేయించడమో, కొత్తది కొనడమో తప్పలేదు. చిన్న దుకాణానికి అది మోయలేని భారం.

వందలో కరిగిన తొమ్మిది

చిల్లర మోత కన్నా పెద్ద కష్టం ధర మార్చలేకపోవడం. 1989 ఏప్రిల్ 1న జపాన్ 3 శాతం వినియోగ పన్ను తెచ్చింది. పుస్తకాల షాపు ధర మీద మూడు శాతం కలిపి వసూలు చేసుకుంది. గేమ్ సెంటర్ ఏం చేయాలి? దాని యంత్రాలు నూరు యెన్ల బిళ్ళకే తెరుచుకుంటాయి. ఆడేవాణ్ని 103 యెన్లు వెయ్యమంటే వేసేందుకు చీలికే లేదు. రెండు బిళ్ళలు వెయ్యమంటే ధర ఒక్కసారిగా రెట్టింపవుతుంది. పన్నును యజమానే భరించాడు.

1997లో పన్ను 5 శాతమైంది. 2014లో 8, 2019 అక్టోబరులో 10. ఇప్పుడు నూరు యెన్ల ఆటలో పన్ను పోను మిగిలేది దాదాపు 91. కరెంటు, అద్దె, జీతాలు, కొత్త ఆటల ఖరీదు పెరుగుతూనే ఉన్నా ఎన్నో యంత్రాల మీద ఇంకా 1978 నాటి ధరే. 1986లో 26 వేలకు పైగా ఉన్న గేమ్ సెంటర్లు 2019 నాటికి నాలుగు వేల చిల్లరకు పడిపోయాయి. ఇళ్లలోకి వచ్చిన గేమ్ పెట్టెలు, తర్వాత వచ్చిన ఫోన్లు ఇందుకు పెద్ద కారణాలు. పెరగని ఆ ధర కూడా లోపలినుంచి తొలిచింది.

తాకితే చాలు

2001 నవంబరులో జేఆర్ ఈస్ట్ రైల్వే సుయికా కార్డు తెచ్చింది. సోనీ వారి ఫెలికా చిప్ దాని ప్రాణం. స్టేషన్ గేటు దగ్గర జనం ఆగకుండా నడిచిపోవాలి కనుక సెకనులో పదో వంతులో లెక్క పూర్తయ్యేలా దాన్ని తయారుచేశారు. తర్వాత ఆ కార్డే కాఫీకీ పత్రికకూ ఆటకూ పనికొచ్చింది. 2010లో కొనామి తన యంత్రాల కోసం పసెలి అనే సొంత ఎలక్ట్రానిక్ డబ్బు ప్రవేశపెట్టింది. ఒక పసెలి ఒక యెన్‌కు సమానం. నూటిరవై అని ధర పెట్టాలన్నా ఇక అడ్డు లేదు.

ఈ ఏర్పాటులో నన్ను ముచ్చటపరిచే విషయం ఒకటుంది. నాణెం చీలిక పక్కన బిగించిన పలక కార్డును చదివి, డబ్బు కోసుకుని, ఆట పలకకు పంపేది అదే విద్యుత్ సంకేతం. నాణెం మీటను తాకితే వెళ్లేది కూడా అదే. ముప్పై ఏళ్ల నాటి ఆట సైతం తనకు బిళ్ళే పడిందనుకుని మొదలవుతుంది. యంత్రాన్ని మార్చకుండా కాలాన్ని మార్చేశారు.

యజమానికి దీనితో దక్కే సుఖం చిన్నది కాదు. 48 కిలోల మోత తగ్గుతుంది. డబ్బాలు పగలగొట్టే దొంగల భయం పోతుంది. ఏ యంత్రం ఏ గంటలో ఎంత ఆడిందో కూర్చున్నచోటే కనిపిస్తుంది. మూతపడకుండా నిలబడాలని తాపత్రయపడే చిన్న సెంటర్‌కు ఇది ఊపిరి. ఆ సంగతిని నేను మనసారా ఒప్పుకుంటాను.

కంచె ఎక్కడుంది?

ఇప్పుడు క్రేన్ యంత్రం ముందు నిలబడ్డ పిల్లాణ్ని చూద్దాం. మెత్తటి బొమ్మ అంచుదాకా వచ్చి జారిపోయింది. చేతిలో బిళ్ళలైపోయాయి. ఇంకా ఆడాలంటే చిల్లర యంత్రం దాకా నడవాలి, ఇంకో నోటు తీయాలి. ఆ పది అడుగుల నడకలో బుద్ధి కాస్త కుదుటపడుతుంది. 'చాల్లే' అనుకునే వాళ్లు అక్కడే అనుకుంటారు. కార్డు ఉంటే ఆ నడక లేదు. చెయ్యి చాపితే ఇంకో ఆట, మళ్లీ చాపితే ఇంకోటి.

చేతిలోంచి నగదు జారుతుంటే మనిషికి కలిగే చిన్న నొప్పి గురించి పరిశోధకులు రాశారు. అమెరికాలోని ఎంఐటీ ఆచార్యులు డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సైమెస్టర్ 2001లో ప్రచురించిన పరిశోధనలో, బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకు క్రెడిట్ కార్డుతో చెల్లించేవాళ్లు నగదు చెల్లించేవాళ్లకంటే వేలంలో రెట్టింపు దాకా పాడుకున్నారు. టికెట్ అదే, ఆట అదే. మారింది చెల్లించే తీరొక్కటే.

మరి కార్డులో మిగిలిపోయిన డబ్బు? జపాన్ దీన్ని చట్టంతో పట్టుకుంది. ముందుగా డబ్బు తీసుకునే సంస్థ దగ్గర జనం వాడని నిల్వ కోటి యెన్లు దాటితే, అందులో కనీసం సగానికి పూచీ చూపాలి. సేవ ఆపేస్తే మిగిలింది తిరిగివ్వాలి. ఆరు నెలల్లోపు గడువు తీరే కార్డులకు మాత్రం ఈ రక్షణ లేదు.

మన మాల్‌లో మన పిల్లలు

మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. 2016 ఏప్రిల్‌లో మొదలైన యూపీఐ ఇవాళ టీ బండి దాకా వచ్చింది. పది రూపాయల నాణెం చెల్లదని కొట్లవాళ్లు తిప్పిపంపుతుంటే, 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలో చెప్పాల్సి వచ్చింది. 2023లో అదే రిజర్వ్ బ్యాంక్, ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నాణేలు ఇచ్చే యంత్రాలను 12 నగరాల్లో ప్రయోగాత్మకంగా పెడతామంది. జపాన్ యంత్రం నోటు మింగి బిళ్ళలు రాల్చితే, మన యంత్రానికి నోటు కూడా అక్కర్లేదు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ మాల్స్‌లో ఆటల జోన్‌కు వెళ్తే కౌంటర్ దగ్గర డబ్బు కట్టి కార్డు నింపించుకుంటాం. ఆ సంస్థ దగ్గరే చెల్లే ఇలాంటి కార్డులకు రిజర్వ్ బ్యాంక్ అనుమతి అక్కర్లేదు. రూపాయలు పాయింట్లుగా మారిపోయే చోట, ఒక ఆట ఎంత పడిందో పెద్దవాళ్లకే వెంటనే తట్టదు. ఇంటికొచ్చాక పర్సులో మిగిలేది ఆ కార్డు, అందులో ఎప్పటికీ వాడని చిల్లర.

బిళ్ళల కాలానికి వెనక్కి పోదామని నేను అనను. ఊడిన కంచెను మళ్లీ కట్టమని మాత్రం గట్టిగా అడుగుతాను. ప్రతి యంత్రం మీదా ధర రూపాయల్లో రాయాలి. కార్డు తాకించగానే ఎంత పోయిందో, ఎంత మిగిలిందో పిల్లలు చదవగలిగేంత పెద్ద అంకెల్లో కనిపించాలి. మిగిలిన డబ్బు వచ్చిన దారినే ఖాతాకు తిరిగి చేరాలి. ఫోన్‌కు క్షణంలో డబ్బు పంపగల దేశానికి ఇది అసాధ్యమేమీ కాదు. ఇంట్లో మనం చేయగలిగిందీ ఉంది. అనుకున్నంతే కార్డులో వేయించి, అది పిల్లల చేతికే ఇచ్చి, 'ఇవాళ్టికి ఇంతే, ఎలా ఆడుకుంటావో నువ్వే చూసుకో' అని చెప్పడం.

"నాన్నా, ఇంకా ఎన్ని ఆటలున్నాయి?" అని మాల్‌లో పిల్లలు అడుగుతూనే ఉంటారు. చిల్లర యంత్రం ముందు నిలబడ్డ పిల్లాడికి ఆ ప్రశ్నే రాదు, పిడికిలి విప్పి చూసుకుంటాడు. కార్డు చేతికిచ్చిన మన పిల్లలకు కూడా, ఎవరినీ అడగకుండా తమ లెక్క తాము చూసుకునే ఆ వీలు దక్కాలి.