దోనెలో మత్స్యశోధకయంత్రము: విద్యుత్తు లెక్క



నాగార్జునసాగరమునుండి మాల్, ఇబ్రహీంపట్నముల మీదుగా వచ్చు త్రోవ హైదరాబాదునకు తూర్పున ఎల్.బి.నగరునొద్ద నగరమును చేరును. ఆ త్రోవను వచ్చి, ఎల్.బి.నగరునుండి దిల్‌సుఖ్‌నగరు వరకు గల అంగళ్లలో త్రాళ్లు, దీపములు, బ్యాటరీలు కొనిపోవు జాలరులను నేను చూచుచుందును. వారిలో కొందరు ఫిష్ ఫైండరు, అనగా మత్స్యశోధకయంత్రమును గురించి విచారించుచున్నారు. యంత్రము వెలను అందరును బేరమాడుదురు. అది నీటిమీద మూడుదినములు నడచుటకు ఎంత విద్యుత్తు కావలెనో లెక్కించువారు అరుదు. నేను ముప్పదియేండ్లు బడిలో తెలుగుతోబాటు లెక్కలును చెప్పినవాడను. గుణకారము, భాగాహారము వచ్చిన ఎవ్వరికైనను ఈ లెక్క సాధ్యమేయని చూపుటయే నేటి ప్రసంగోద్దేశము.

ముందుగా యంత్రము పనిచేయు విధము తెలిసికొందము. కొండయెదుట కేకవేసిన ప్రతిధ్వని వచ్చుట మీరెరిగినదే. ఈ యంత్రముయొక్క చిన్న దిమ్మ నీటిలో మునిగియుండి, మన చెవికి వినబడని సూక్ష్మధ్వనిని క్రిందికి పంపును. అడుగునేలకు గాని, చేప పొట్టలోని గాలితిత్తికి గాని తగిలి ఆ ధ్వని మరలివచ్చును. నీటిలో ధ్వని క్షణమునకు, అనగా ఒక సెకండునకు, సుమారు 1500 మీటర్లు పోవును. 30 మీటర్ల లోతునకు పోయి వచ్చుటకు 60 మీటర్ల ప్రయాణము, అనగా సెకండులో ఇరువదియైదవ వంతు పట్టును. ఆ కాలమును కొలిచి యంత్రము లోతును తెరపై చూపును. జపానులో ఫురునో సోదరులు 1948లో ఇట్టి యంత్రమును జాలరులకు విక్రయించుటకు ఆరంభించిరి. జలాశయపు అడుగున మునిగిన రాళ్లను, మ్రోళ్లను గూడ ఇది చూపును గనుక వలలు చిరుగకుండ కాపాడుకొనవచ్చును.

ఇక విద్యుత్తు మాట. నాకు తెలిసిన యొక జాలరి యువకుడు అప్పుచేసి యంత్రము కొనెను. అంగడివాని మాటను నమ్మి, వెల తక్కువయని చిన్న బ్యాటరీని దానికి జతచేసెను. మొదటినాటి సాయంకాలమునకే తెర ఆరిపోయెను. మంచుగడ్డకును, తిండిగింజలకును పెట్టిన సొమ్ము దండుగకాగా రెండవనాడే యిల్లు చేరెను. అప్పు మాత్రము నిలిచెను. యంత్రమునందు దోషము లేదు. లెక్క జరుగలేదు.

బ్యాటరీని ధాన్యపు గాదెగా భావింపుడు. గాదె పరిమాణము ఆంపియరు-గంటలలో దాని మీదనే వ్రాసియుండును. గంటకెంత ఖర్చగునో యంత్రముతో వచ్చిన కాగితమునందు ఆంపియరులలో నుండును. 12 వోల్టుల చిన్నయంత్రము అర ఆంపియరు తీసికొనునని యనుకొందము. దినమునకు 8 గంటల చొప్పున మూడుదినములకు 24 గంటలు. 24ను అరతో గుణింపగా 12 ఆంపియరు-గంటలు. గాలివాన వచ్చి ఒడ్డు చేరుట ఆలస్యమగునని నాలుగవవంతు కలుపుడు. మొత్తము 15.

అయితే 15 అని వ్రాసిన బ్యాటరీ చాలదు. సీసపు బ్యాటరీలో సగము మాత్రమే వాడదగినది. మిగిలిన సగము విత్తనపు వడ్లవంటిది. దానిని పలుమార్లు తినివేసిన బ్యాటరీ ఆయుష్షు త్వరగా క్షీణించును. కావున సీసపుదైనచో 30 ఆంపియరు-గంటలది కావలెను. దాని బరువు సుమారు పది కిలోలు. లిథియం ఐరన్ ఫాస్ఫేటు అను నూతనజాతి బ్యాటరీలో ఎనుబది పాళ్లు నిర్భయముగా వాడవచ్చును గనుక 20 చాలును. బరువు మూడవవంతునకు మించదు. వెల యెక్కువ, ఆయుష్షును ఎక్కువ. దానిని దానికై నిర్దేశించిన ఛార్జరుతోనే నింపవలెను.

కంప్యూటరు యూపీఎస్‌లలో నుండు 7 ఆంపియరు-గంటల సీసపు బ్యాటరీ చవుక. దానిలో సగము మూడున్నర. అది మన యంత్రమునకు 7 గంటలు మాత్రమే. మోటారుసైకిలు బ్యాటరీ ఇంజను కదలించుటకు క్షణకాలము బలముగా ఇచ్చునట్టిది. నెమ్మదిగా దినమంతయు ఇచ్చుటకు తగినది కాదు.

సూర్యఫలకమును తోడు తీసికొనవచ్చునాయని కొందరడుగుదురు. తీసికొనవచ్చును. మన యంత్రము దినమునకు 48 వాట్టు-గంటలు తినును. 20 వాట్టుల ఫలకము నిర్మలమైన ఎండలో, నష్టములు పోగా, 60 వాట్టు-గంటల వరకు ఈయగలదు. మబ్బునాడు ఈయలేదు. ఫలకముపై మనిషినీడ కొంచెము పడినను ఫలితము మిక్కిలి తగ్గును. ఫలకమును బ్యాటరీకి నేరుగా తగిలింపరాదు. నడుమ ఛార్జి కంట్రోలరు ఉండవలెను. కావున ఫలకము సహాయమే గాని ఆధారము కాదు.

కట్టుటయందు నాలుగు జాగ్రత్తలు. ధన, ఋణ తీగలు తారుమారు కారాదు. ధనతీగకు బ్యాటరీ దగ్గరనే, యంత్రపు కాగితము చెప్పిన ఫ్యూజును పెట్టవలెను. నీళ్లుపోయు సీసపు బ్యాటరీ మండెడి వాయువును విడుచును గనుక గాలి చొరని పెట్టెలో బంధింపరాదు. పడవమోటారును అదే బ్యాటరీకి తగిలించినచో వోల్టులు క్రుంగి తెరమీద చేపలజాడ చెదరును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. రాత్రి దీపమునకును, ఫోనునకును వేరొక చిన్న బ్యాటరీ ఉంచుకొనవలెను. చేపలజాడ ఒకనాడు కనబడకున్న నష్టము సొమ్ముతో పోవును. నడిజలాశయమున చీకటిలో దీపమారి, పిలుచుటకు ఫోను పలుకకున్న ఆ నష్టమునకు లెక్కలేదు.

కావున మీ యింటి పిల్లలు అంగడికి పోవునపుడు, యంత్రము తినునది యెంత, గంటలెన్ని, బ్యాటరీలో వాడదగిన పాలెంత అను మూడు సంగతులను కాగితముపై వ్రాయించి పంపుడు. కొన్న పిమ్మట ఇంటి అరుగుమీదనే ఒక పూర్తి దినము నడిపి చూడుడు. దిగిపోయిన పాత బ్యాటరీని చెరువుగట్టున పారవేయక అంగడికే తిరిగి ఈయుడు. 2022 నాటి ప్రభుత్వ నియమములును దానినే కోరుచున్నవి. సీసము నీటిలో చేరినచో ఆ నీటి చేపయే మన విస్తరికి వచ్చును.