జవాబు ఎక్కడికి పోయినది?

లాడ్‌బజారులో గాజుల వ్యాపారము చేసే మా మిత్రులొకరు క్రిందటి పెండ్లిండ్ల కాలములో మా ఇంటికి వచ్చి తమ చిక్కు చెప్పుకొన్నారు. అమెరికాలోని ఒక తెలుగు కుటుంబమువారు పెండ్లికి లక్కగాజులు కావలెనని వారికి ఈ-మెయిలు వ్రాశారు. మిత్రులు దుకాణములోని కంప్యూటరునుండి ధరలు, కొలతలు తెలుపుతూ బదులు వ్రాశారు. ‘రెండు-నాలుగు వద్దు, పెండ్లికూతురికి రెండు-ఆరు కావలెను’ అని అవతలివారు వెంటనే తిరుగు జవాబు పంపారు. అది ఈయనకు అందనే లేదు. గాజులు రెండు-నాలుగులోనే తయారై విమానమెక్కినవి. గాజుల లెక్క తెలియని పాఠకులకు ఒక మాట: రెండు-నాలుగు అనగా గాజు లోపలి అడ్డుకొలత రెండు అంగుళముల మీద పదహారింట నాలుగు వంతులు, రెండు-ఆరు అనగా పదహారింట ఆరు వంతులు. ఉన్న తేడా అంగుళములో ఎనిమిదవ వంతే గాని, గాజు చేతికెక్కుటకూ ఎక్కకపోవుటకూ ఆ మాత్రము చాలును.

ఇందులో వింత ఏమనగా, ఆయన రాత్రివేళ ఇంటివద్ద బ్రౌజరులో మెయిలు పుట తెరచి వ్రాసిన ఉత్తరములకు జవాబులు చక్కగా వస్తున్నవి. పగలు దుకాణములో, కంప్యూటరులో స్థాపించుకొన్న మెయిలు ప్రోగ్రాముద్వారా వ్రాసిన వాటికి మాత్రము రావడము లేదు. ఖాతా ఒకటే, సంకేతపదము ఒకటే. తప్పు కంపెనీవారిదే అని ఆయన నిశ్చయించుకొన్నారు. మేము అంత తొందరపడలేదు.

ఈ-మెయిలు ఉత్తరములో పంపినవారిని తెలిపే పంక్తి ‘ఫ్రమ్’ అన్నది. తెరపైన మనకు కనబడేది అదే. దానికి తోడు ‘రిప్లై-టు’ అనే మరియొక పంక్తి ఉండవచ్చును. ‘నేను వ్రాసినది ఇక్కడినుండి, జవాబు మాత్రము ఫలానా చిరునామాకు పంపుడు’ అని చెప్పుటకే అది ఏర్పడినది. 1982లో డేవిడ్ క్రాకర్ కూర్చిన ఆర్.ఎఫ్.సి. 822 అనే నిబంధనపత్రములో ఈ రెండు పంక్తులూ ఉన్నవి. 2008 నాటి ఆర్.ఎఫ్.సి. 5322లోనూ ఉన్నవి. రిప్లై-టు ఉన్నచో జవాబు అక్కడికి పోవలెను, లేనిచో ఫ్రమ్‌లోని చిరునామాకు పోవలెను. ఇంతే నియమము. జవాబు వ్రాసేవారు ‘రిప్లై’ మీట నొక్కుతారే గాని, ‘టు’ అన్న చోట ఏ చిరునామా వచ్చి కూర్చున్నదో చూచేవారు అరుదు.

ఇక, ఆ పంక్తిని ఉత్తరముపై వ్రాసేదెవరు? ఉత్తరమును తయారుచేసిన ప్రోగ్రాము. బ్రౌజరులో వ్రాసినచో మెయిలు సంస్థవారి సర్వరులో మనము దాచుకొన్న అమరికలనుబట్టి అది పడుతుంది. కంప్యూటరులోని ప్రోగ్రాముతో వ్రాసినచో ఆ ప్రోగ్రాము తనవద్ద ఉంచుకొన్న అమరికలనుబట్టి పడుతుంది. ఈ రెండింటినీ కలిపే ‘ఐమాప్’ అనే పద్ధతి ఉత్తరములను, అరలను, చదివినవో కాదో తెలిపే గుర్తులను అటూ ఇటూ సరిచూస్తుంది గాని, ఈ అమరికల జోలికి పోదు. ఒకే తపాలాపెట్టెకు ఇద్దరు గుమాస్తాలు ఉండి, ఎవరి రబ్బరుముద్ర వారు వేసినట్లు! మన ఊరివారికి ఇది క్రొత్త కాదు. పూర్వము నగరములో నిజాము ప్రభుత్వపు తపాలా నడుస్తూ ఉండగా, సికిందరాబాదు దండులో ఆంగ్ల ప్రభుత్వపు తపాలా నడిచేది. బిళ్ళలు వేరు, ముద్రలు వేరు.

మిత్రుల దుకాణమునకు పోయి చూచితిమి. ఏండ్ల క్రిందట ఆ ప్రోగ్రామును అమర్చినవారు రిప్లై-టు గడిలో ఆయన పాత ఉచిత మెయిలు చిరునామాను నింపి వదిలారు. ఆ పెట్టె మూతపడియుంటే ఉత్తరము తిరుగుటపాలో పోయి అవతలివారికైనా సంగతి తెలిసేది. అది మూతపడలేదు, తెరచి చూచే దిక్కు లేదు, అంతే. తెరువగా, పెండ్లివారి ఉత్తరము తేదీతోసహా అందులో ఉన్నది.

ఇట్టి అనుమానము కలిగినవారు చేయవలసిన పరీక్ష సులువు. తమ మరియొక ఖాతాకుగాని, ఇంటిలో మరియొకరికిగాని రెండు ఉత్తరములు పంపవలెను: ఒకటి బ్రౌజరునుండి, ఒకటి కంప్యూటరులోని ప్రోగ్రామునుండి. అందిన తరువాత వాటి మూలరూపమును తెరువవలెను. జీమెయిల్ పుటలో మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ అంటే అది వస్తుంది. థండర్‌బర్డ్‌లో కంట్రోల్ మీటతో కలిపి ‘యు’ నొక్కవలెను. గజిబిజిగా కనబడే ఆ అక్షరములలో రిప్లై-టు పంక్తి ఒకదానిలో ఉండి రెండవదానిలో లేకపోయినా, రెండింటిలో వేరువేరుగా ఉన్నా, దొంగ దొరికినట్లే. దిద్దుటకు థండర్‌బర్డ్‌లో ‘అకౌంట్ సెట్టింగ్స్’ లోని రిప్లై-టు గడిని ఖాళీ చేయవలెను. జీమెయిల్‌లో ‘అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్’ అనే చోట, ‘సెండ్ మెయిల్ యాజ్’ ప్రక్కన ‘ఎడిట్ ఇన్ఫో’ నొక్కి చూడవలెను. ఫోనులోని మెయిలు ఆప్‌ను మూడవ గుమాస్తాగా లెక్కించి దానినీ పరీక్షించుట మంచిది.

ఒక్కొక్కప్పుడు రిప్లై-టు జాడయే ఉండదు. ఫ్రమ్ పంక్తియే మారిపోతుంది. జీమెయిల్ సర్వరుద్వారా పంపుతూ, ఆ ఖాతాలో నమోదు కాని వేరొక చిరునామాను ప్రోగ్రాములో ఫ్రమ్‌గా పెట్టినచో, సర్వరు దానిని తొలగించి ఖాతా చిరునామానే వేస్తుంది. ఆ చిరునామాను ముందుగా ‘సెండ్ మెయిల్ యాజ్’లో చేర్చుకొంటే సరిపోతుంది.

అమరిక దిద్దినంతమాత్రాన పాత ఉత్తరములు మారవు. అవి అవతలివారి పెట్టెలలో పాత పంక్తితోనే ఉంటవి; ఎవరైనా ఆరు నెలల తరువాత వాటికి జవాబు వ్రాసినా పాత చోటికే పోతుంది. కనుక పాత పెట్టెను వెంటనే మూసివేయక, అందులోనికి వచ్చినవి క్రొత్తదానికి చేరే ఏర్పాటు చేయుమని మిత్రులకు చెప్పితిమి.

ఈ పంక్తితో మోసగాండ్రకూ పని ఉన్నది. ఫ్రమ్‌లోని చిరునామా నిజమైనదో కాదో సర్వరులు డి-మార్క్ వంటి పద్ధతులతో పరీక్షిస్తవి. రిప్లై-టులోని చిరునామాను డి-మార్క్ పరీక్షింపదు. అక్కడ ఎవరి చిరునామానైనా వ్రాయవచ్చును. డబ్బు సంగతి, బ్యాంకు ఖాతా మార్పు సంగతి వచ్చిన ఉత్తరమునకు బదులిచ్చే ముందు ‘టు’ గడిని అక్షరమక్షరము చదువుడు; సందేహమున్నచో మీకు పూర్వమే తెలిసిన నంబరుకు ఫోను చేసి అడుగుడు.

మిత్రులు రెండు-ఆరులో మరల గాజులు చేయించి, తమ ఖర్చుతోనే పంపారు. పెండ్లినాటికి అందినవి. మొదట పంపిన జత పెండ్లికూతురి చెల్లెలికి సరిగా సరిపోయినదట. దాని ధర కూడా వారు పంపారు, ఆ కబురు మోసుకొచ్చిన ఉత్తరము ఈసారి దుకాణములోని పెట్టెకే వచ్చినది.